కుక్కను సముద్రానికి తీసుకుపోతున్నారా? కారులో మాత్రం వదలకండి

ఎండాకాలం సెలవులు మొదలైతే చాలు, మూసిన కారులో కుక్క చచ్చిపోయిందన్న వార్త ఎక్కడో ఒకచోట నుంచి వస్తూనే ఉంటుంది. నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరు నుంచి సూర్యలంక బీచ్‌కో చీరాల ఓడరేవు బీచ్‌కో పిల్లలతో పాటు కుక్కనూ ఎక్కించుకుని పోయేవాళ్లు ఇప్పుడు చాలామందే. గిన్నె, గొలుసు, తిండి సర్దుకోమని వాళ్లకు చెప్పనక్కర్లేదు. చెప్పాల్సింది ఒక్కటే: కుక్కను కారులో ఒంటరిగా వదలొద్దు, ఐదు నిమిషాలకైనా సరే.

"అద్దం రెండు వేళ్లు దించాం, చెట్టు కిందే పెట్టాం" అంటారు. బయట 38 డిగ్రీలుంటే పది నిమిషాల్లో లోపల 48 దాకా పోతుంది, అరగంటకు 55 దాటుతుంది. అద్దం కొంచెం దించితే ఆ లెక్క పెద్దగా మారదు. చెట్టు నీడ జరిగిపోతుంది. ఏసీ వేసి వదిలినా, ఇంజన్ ఆగిపోతే హోటల్లో కూర్చున్న మీకు తెలియదు. మనకులాగ కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు. రొప్పుతుంటే నాలుక మీది తడి ఆరాలి, అప్పుడే ఒంటి వేడి దిగుతుంది. మూసిన బండిలో దాని ఊపిరి ఆవిరే నిండి ఆ తడి ఆరదు.

తీరంలో ఉక్కపోత చేసేదీ ఇదే. మన పొడి ఎండలో 40 డిగ్రీలకు తట్టుకున్న కుక్క అక్కడ 34కే కూలబడొచ్చు. పగ్, షిట్జూ, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కువాటిని, ముసలివాటిని ఏప్రిల్, మే నెలల్లో అసలు తీసుకుపోవద్దు.

తెల్లవారుజామున 4 గంటలకు బయలుదేరండి. రాత్రి సగం తిండే పెట్టండి, పొద్దున ఏమీ వద్దు. రెండు గంటలకోసారి ఆపి నీళ్లు తాగించండి. 20 కిలోల కుక్కకు మామూలు రోజే లీటరుకు పైగా కావాలి, ఈ ప్రయాణానికి రెండింతలు పట్టుకోండి. వాడపల్లిలో గుడికి దిగినా, పిడుగురాళ్లలో టిఫిన్‌కు ఆగినా ఒకరు కుక్కతో బయట నీడలో ఉండాలి. వంతులవారీగా తినండి. కారులో వదలొద్దు.

ఒడ్డుకు చేరాక అరచెయ్యి వెనకవైపు ఇసుక మీద 7 సెకన్లు ఆనించి చూడండి. మీకు కాలితే దాని కాళ్లూ కాలుతాయి. దాహంతో ఉప్పునీళ్లు తాగితే వాంతులు, విరేచనాలు, ఎక్కువైతే మూర్ఛలు వస్తాయి. అందుకే మంచినీళ్ల గిన్నెను అలల దగ్గరికే తీసుకెళ్లి పావుగంటకోసారి పెట్టండి. ఇసుకలో బంతి విసిరి ఆడించొద్దు. బంతి కరిచిన ప్రతిసారీ ఇసుక మింగుతుంది, అది పేగులో గడ్డకట్టి అడ్డం పడొచ్చు.

ఆగకుండా రొప్పుతోందా, చొంగ జిగటగా సాగుతోందా, చిగుళ్లు ఎర్రబడ్డాయా, నడక తూలుతోందా? వడదెబ్బే. వెంటనే నీడకు తెచ్చి పొట్ట, చంకలు, తొడల సందు తడిసేలా మామూలు నీళ్లు పోస్తూ విసరండి. తడి గుడ్డ కప్పి ఉంచొద్దు, వేడి లోపలే ఆగుతుంది. నోట్లో నీళ్లు బలవంతంగా పోయొద్దు. తేరుకున్నా అదే రోజు డాక్టర్‌కు చూపించాలి, కిడ్నీల దెబ్బ తర్వాత బయటపడొచ్చు.

పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ వెయ్యొద్దు. రేబిస్ టీకా తొలిసారైతే కనీసం 21 రోజుల ముందే వేయించండి. గోమార్ల మందు బయలుదేరే ముందే వాడండి. చీరాల, బాపట్ల పశువుల డాక్టర్ల నంబర్లు ముందే రాసిపెట్టుకోండి. కిటికీలోంచి తల బయట పెట్టనీయొద్దు. గొలుసు విప్పొద్దు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన చేప నోట పెట్టనీయొద్దు, ఉబ్బినదైతే విషం కావచ్చు. గాలం ముల్లు గుచ్చుకుంటే వెనక్కి లాగొద్దు, దారం కోసి డాక్టర్ దగ్గరికి పోండి. రూము తీసుకునేటప్పుడే కుక్కను రానిస్తారా అని ఫోన్ చేసి అడగండి. రానివ్వం అంటే ఇంకో చోటు చూసుకోండి, రాత్రికి కారులో పడుకోబెడదామని మాత్రం అనుకోవద్దు.