కోణాన్ని ఏ గీత నుంచి కొలిచారో ముందు చూడండి

బలాలను అంశాలుగా, అంటే అడ్డం, నిలువు భాగాలుగా విడదీసేటప్పుడు అడ్డం అంశానికి కొసైన్, నిలువు అంశానికి సైన్ అని బట్టీ పట్టినవారు, ప్రశ్నలో కోణాన్ని నిలువు గీత నుంచి ఇవ్వగానే తప్పులో కాలేస్తారు. నిజానికి కోణాన్ని ఆనుకుని ఉన్న అంశం ఏదైతే దానికే కొసైన్ వర్తిస్తుంది. నిలువు అక్షం నుంచి 20 డిగ్రీలు ఎడమకు వాలి, పైకి పనిచేసే 80 న్యూటన్ల బలాన్ని తీసుకుంటే, నిలువు అంశం 80 కొసైన్ 20, అంటే 75.2 న్యూటన్లు, అడ్డం అంశం 80 సైన్ 20, అంటే 27.4 న్యూటన్లు. రెండోది ఎడమవైపుకు కనుక దానికి రుణ గుర్తు పడుతుంది. ఆ గుర్తును సూత్రానికి వదిలేయకుండా బొమ్మను చూసి మనమే వేసుకోవడం మేలు.

ఫలిత బలం దిశ దగ్గర చిక్కు వేరు. అడ్డం అంశాల మొత్తం −30, నిలువు అంశాల మొత్తం 40 న్యూటన్లు అయితే పరిమాణం 50 అని అందరూ సరిగానే రాస్తారు గానీ, దిశ కోసం 40/(−30)కి టాన్ విలోమం నొక్కితే కాలిక్యులేటర్ −53.1 డిగ్రీలు చూపిస్తుంది. అది నాలుగో పాదం, అంటే అక్షాల మధ్య కుడివైపు కింది భాగం. మన బలం ఉన్నది రెండో పాదంలో, అంటే ఎడమవైపు పై భాగంలో కనుక 180 కలిపి, కుడివైపు అడ్డం అక్షం నుంచి 126.9 డిగ్రీలుగా రాయాలి. అన్నట్టు, పై లెక్కలో 75.2 రావలసిన చోట 32.6 వచ్చిందంటే మీ కాలిక్యులేటర్ రేడియన్లలో ఉందన్నమాట.