ఆఫ్రికన్ వయొలెట్ పూలమొక్క వాలిపోయిందా? చెంబు పక్కన పెట్టి ముందు మట్టి చూడండి

ఆకులు మెత్తబడి వాలిపోతే

వెంటనే నీళ్లు పోయకండి. మట్టిలోకి వేలు దించి చూడండి. పొడిగా ఉంటే నీళ్లు చాలు, రేపటికల్లా తేరుకుంటుంది. తడిగా ఉండగానే వాలిందంటే వేర్లు కుళ్లాయి. అప్పుడు ఇంకో చెంబు పోయడమంటే చేజేతులా చంపుకోవడమే. నా దగ్గరికి తెచ్చిన మొక్కల్లో ఎన్నో ఈ ఒక్క పని చేయనందుకే పోయాయి. మెత్తబడిన వేర్లు కత్తిరించి, కొబ్బరిపొట్టు, పెర్లైట్ (మట్టిని గుల్లగా ఉంచే తేలికైన తెల్లని గుళికలు) కలిపిన చిన్న కుండీలో తిరిగి నాటండి. వేర్లేవీ మిగలకపోతే గట్టిగా ఉన్న ఆకును కాడతో సహా గుచ్చండి. రెండు మూడు నెలల్లో పిల్లలు వేస్తుంది.

నూగు ఆకుల మీద పాలిపోయిన వలయాలు

ఎండాకాలం మొక్కకూ చల్లగా ఉంటుందని ఫ్రిజ్ నీళ్లు పోస్తారు. వెచ్చగా ఉన్న ఆకు మీద చల్లని చుక్క పడితే అక్కడ పచ్చదనం పోతుంది. ఆ మచ్చ ఇక మానదు. గదిలో ఉంచిన నీళ్లే పోయండి. దుమ్మును మెత్తని బ్రష్‌తో దులపండి.

నడిమి ఆకులు చిన్నవై, బిగుసుకుపోతే

నన్ను ఏడిపించింది ఇదే. ఎరువు మార్చాను, కిటికీ మార్చాను, మందు కొట్టాను. నాలుగు మొక్కలు పోయాక గానీ కుండీ అంచు వైపు చూడలేదు. గోరుతో గీకితే తుప్పురంగు పొర పెళుసుగా రాలింది. ఆకు కాడ ఆ అంచుకు ఆనిన చోటల్లా కాలినట్టు గోధుమరంగు మచ్చ. అది ఉప్పు.

ఎక్కడి నుంచి వచ్చింది? అనంతపురంలో నీళ్లు పారబోయడానికి ఎవరికీ చేతులు రావు. ఇంట్లో ఆర్‌ఓ యంత్రం వదిలే నీళ్లను బకెట్లో పట్టి మొక్కలకు పోస్తాం. నేనూ అదే చేశాను. బోరు నీళ్లలో ఉప్పులు అసలే ఎక్కువ. యంత్రం వాటిని వడకట్టి నెట్టేది ఆ బకెట్లోకే. పైగా ఆకులు తడవకూడదని పళ్లెంలో నీళ్లు పెట్టి అడుగు నుంచి తాగిస్తాం. మట్టి నీటిని పైకి లాగుతుంది, మన ఎండలకు నీరు ఆవిరవుతుంది, ఉప్పు పైనే నిలిచిపోతుంది. టాంజానియాలోని ఉసాంబరా కొండల్లో రాళ్ల సందుల్లో నీడన పెరిగే మొక్క ఇది. అక్కడ దాని వేర్లను కడిగేది వాన నీరు.

అందుకే మీరూ కడగండి. పైన అరంగుళం మట్టి తీసి కొత్తది వేయండి. తాగే క్యాన్ నీళ్లు గానీ, పట్టి ఉంచిన వాన నీళ్లు గానీ తీసుకుని, ఆకులను ఒక చేత్తో పైకెత్తి, మట్టి మీద నెమ్మదిగా పోయండి. కుండీకి మూడు నాలుగింతల నీరు అడుగు నుంచి కారిపోవాలి. కారిన నీటిని పారబోయండి, పళ్లెంలో ఉంచారంటే మళ్లీ పైకెక్కుతుంది. నెలకోసారి ఇలా చేయండి. మట్టి కుండీ అయితే అంచుకు కొవ్వొత్తి మైనం పూయండి. పాత ఆకులు బాగుపడవు, కొత్తగా వచ్చేవి విప్పారుతున్నాయా లేదా అన్నదే చూడండి. బకెట్ నీళ్లతో ఇల్లు తుడుచుకోండి.

మిగతావి

ఆకుల మీద తెల్లని పొడి కనిపిస్తే అది బూడిద తెగులు, గాలి ఆడనివ్వండి. పూలు రాకపోతే వెలుతురు చాలడం లేదు, తూర్పు కిటికీకి మార్చండి. అంచున ఉప్పు లేకుండానే నడిమి ఆకులు బూడిదరంగులో మెలితిరిగితే కంటికి కనబడని నల్లి అనే మొక్కల పురుగు పట్టినట్టు. ఆ మొక్కను సంచిలో కట్టి పారేసి, పక్క కుండీలు ముట్టుకునే ముందు చేతులు కడుక్కోండి.