జైల్లో యోగా నేర్పేవారికి పాఠాలు – 3: తొలి క్లాసు

పోయిన పాఠంలో అనుమతులు, గేటు దగ్గర తనిఖీ, లోపలికి ఏవి తీసుకెళ్లనిస్తారు అన్నవి చూశాం. ఇప్పుడు అసలు పనికి వద్దాం. ఖైదీల ముందు కూర్చున్నాక మొదటి ముప్పావుగంట ఎలా నడపాలి?

ఆసనాలు మీకు వచ్చు. వాటిని ఇక్కడ చెప్పే తీరే వేరు. ఎప్పుడు లేవాలి, ఎప్పుడు తినాలి, ఎప్పుడు బ్యారక్‌లోకి వెళ్లాలి, ఇవన్నీ జైల్లో ఇంకొకరు చెబుతారు. మనం కూడా వెళ్లి "కళ్లు మూయండి, కదలొద్దు" అంటే ఇంకో వార్డర్ వచ్చినట్టే ఉంటుంది. 1975లో ధ్యాన గురువు ఎస్.ఎన్. గోయెంకాగారు జైపూర్ సెంట్రల్ జైల్లో విపశ్యన అనే ధ్యానం నేర్పడానికి వెళ్లినప్పుడు, కొందరు ఖైదీలను సంకెళ్లతోనే తెచ్చి కూర్చోబెడితే, అవి తీయాల్సిందేనని పట్టుబట్టారు. మన క్లాసులో ఇనుప సంకెళ్లు ఉండకపోవచ్చు. మన మాటతీరు సంకెల కాకుండా చూసుకోవాలి.

కూర్చోబెట్టడంతోనే మొదలుపెట్టండి. స్కూల్లోలాగా వరసలు వద్దు. వెనక ఎవరున్నారో తెలియకపోతే చాలామందికి ఒళ్లు బిగుసుకుపోతుంది. అందరికీ తలుపు కనబడేలా అర్ధచంద్రాకారంలో దుప్పట్లు పరిపించండి. గోడకు ఆనుకుంటానంటే ఆనుకోనివ్వండి. మీరు వాళ్ల వెనక తిరగొద్దు. భంగిమ సరిచేయడానికి చెయ్యి అసలు వేయొద్దు, మీరే చేసి చూపించండి. ఎవరినైనా పేరు పెట్టి "మీరు" అని పిలవండి. ఏ కేసు అని మాత్రం అడగొద్దు.

మొదటి పావుగంట నిలబడే చేయించండి. గట్టి నేల మీద దుప్పటి వేసుకుని పడుకునేవాళ్లకు నడుము, మెడ పట్టేసి ఉంటాయి. కాబట్టి మెడ కదలికలు, భుజాలు తిప్పడం, తాడాసనం (నిటారుగా నిలబడి పైకి సాగడం), కటిచక్రాసనం (నిలబడి నడుము తిప్పడం) చాలు. నొప్పి కాస్త తగ్గినట్టు అనిపిస్తే మీ మాట మీద గురి కుదురుతుంది. వెల్లకిలా పడుకోబెట్టేవి, చేతులు, మోకాళ్ల మీద వంగేవి మొదటిరోజు పెట్టొద్దు. పదిమందిలో అలా ఉండాలంటే బిడియం, కొందరికి భయం కూడా.

తర్వాత కూర్చోబెట్టి శ్వాస. నేను చెప్పే మాటలు ఇవి, మీ యాసలోకి మార్చుకోండి: "ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుంటే బాగుంటుంది. కళ్లు మూసుకోవాలనిపిస్తే మూసుకోండి, లేదంటే నేల మీద ఒకచోట చూపు నిలపండి. ముక్కుతో నాలుగు లెక్కపెడుతూ పీల్చండి, ఆరు లెక్కపెడుతూ మెల్లగా వదలండి. ఇబ్బందిగా ఉంటే మామూలుగా ఊపిరి తీసుకుంటూ ఉండండి." వదిలే ఊపిరి పొడవైతే గుండె వేగం నెమ్మదిస్తుంది, టెన్షన్ దిగుతుంది. ఐదు నిమిషాలకు మించొద్దు. కుంభకం (ఊపిరి బిగబట్టడం), భస్త్రిక (వేగంగా, బలంగా ఊపిరి తీసి వదలడం) ఇప్పుడే వద్దు. బీపీ, ఆస్తమా ఎవరికున్నాయో మీకింకా తెలియదు.

మధ్యలో గేటు ధడాల్న పడుతుంది. ఎవరినో కేకేసి పిలుస్తారు. అందరి కళ్లూ ఒక్కసారిగా తెరుచుకుంటాయి. అప్పుడు విననట్టు నటించకండి. "గేటు చప్పుడు. విన్నాం. మళ్లీ ఊపిరి దగ్గరికి వద్దాం" అనండి, అంతే. జైల్లో నిశ్శబ్దం కోసం ఎదురుచూస్తే క్లాసే జరగదు. చప్పుడులోనే తిరిగి రావడం అలవాటైతే, అది రాత్రి బ్యారక్‌లోనూ అక్కరకొస్తుంది.

ఢిల్లీలోని తీహార్ జైలుకు కిరణ్ బేడీ అధికారిగా ఉన్నప్పుడు, 1994లో, వెయ్యిమందికి పైగా ఖైదీలతో పదిరోజుల విపశ్యన జరిగింది కదా, మనమెందుకు ఐదు నిమిషాలతో ఆపాలి అని అడుగుతారు. అక్కడ పదిరోజులూ పొద్దుట్నుంచి రాత్రిదాకా చూసుకోవడానికి ఆచార్యులు, సేవకులు ఉన్నారు. మీరు వారానికో గంట ఉండి వచ్చేస్తారు. లోపల పాతది ఏదైనా తవ్వి బయటపెట్టి, తాళాలు వేసే వేళకు వెళ్లిపోవడం అన్యాయం. తక్కువ చేయించడంలో నష్టం లేదు. బ్రిటన్‌లో ఏడు జైళ్లలో పది వారాల యోగా కోర్సు పెట్టి చూశారు. 2013లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం, చేసినవాళ్లలో ఒత్తిడి తగ్గింది, తొందరపాటును పరీక్షించే ఆటలో కూడా నిగ్రహం మెరుగైంది.

ఎవరైనా ఏడిస్తే అందరి దృష్టీ అటు తిప్పకండి. గొంతు మార్చకుండా క్లాసు సాగించండి. వణుకు, ఆయాసం కనిపిస్తే కళ్లు తెరవమని చెప్పి, పాదాలు నేలకు ఆనించమనండి, ఎదురుగా కనిపించేవి పేర్లు చెప్పమనండి. తగ్గకపోతే జైలు డాక్టరుకు కబురు పెట్టించాలి.

ఓంకారం, శ్లోకాలు వద్దనే నా అభిప్రాయం. ముస్లింలు, క్రైస్తవులు కూడా మన ముందు కూర్చుంటారు. ఊపిరి అందరిదీ.

రిమాండు ఖైదీలు వాయిదాలకు వెళ్తుంటారు, బెయిలొచ్చి పోతుంటారు. వచ్చే వారం ఇవే ముఖాలు ఉంటాయన్న నమ్మకం లేదు. కాబట్టి ప్రతి క్లాసూ దానికదే పూర్తిగా ఉండాలి, ఒక్కసారి వచ్చినవాడు కూడా ఒక్క పని నేర్చుకుని వెళ్లాలి.

ఈ వారం అభ్యాసం: పైన ఇచ్చిన శ్వాస మాటల్ని ఫోన్లో రికార్డు చేసి వినండి. ఆజ్ఞలా వినిపించిన ప్రతి వాక్యాన్నీ మార్చి మళ్లీ చెప్పండి. వచ్చే పాఠంలో మహిళా బ్యారక్, అక్కడ తల్లులతో పాటే ఉండే ఆరేళ్ల లోపు పిల్లలు.