పల్లీల డబ్బాలో బూజు: సరిచేసుకున్న తీరు

హైదరాబాద్‌లో వానలు మొదలైతే పల్లీలు మెత్తబడి ముక్క వాసన వస్తాయి. ఆస్పర్‌జిల్లస్ ఫ్లావస్ అనే బూజు అప్పుడు తేలిగ్గా పడుతుంది, అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. అది కాలేయ క్యాన్సర్ తెచ్చేదని రుజువైంది. హెపటైటిస్ బి ఉన్నవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ. వేయిస్తే బూజు చస్తుంది గానీ విషం పూర్తిగా పోదు, కడిగినా పోదు. కాబట్టి ఏరడమే అసలు పని.

బేగంబజార్‌లో చవకని ఐదు కిలోలు తేవడం మానేశాను, అరకిలో చాలు. తెల్లటి పళ్లెంలో పలచగా పరిచి ముడతపడ్డవి, నల్లబడ్డవి, పురుగు తొలిచినవి, మొలకెత్తినవి తీసేస్తాను. పది గింజలు బద్దలు విప్పి చూస్తాను: మధ్యలో పచ్చటి పొడి కనిపించినా, నోట్లో చేదు తగిలినా మొత్తం పారేయడమే. పారేసినవి ఆవుకు పెట్టొద్దు, ఆ విషం పాలలోకి దిగుతుంది.

మంచివి సన్నసెగ మీద వేయించి, పూర్తిగా చల్లారాకే గాజు సీసాలో పోయాలి. నేను ముందు తప్పు చేసింది ఇక్కడే. వేడిమీద మూత పెడితే లోపల ఆవిరి నీరై మళ్లీ బూజు పడుతుంది. సీసా ఫ్రిజ్‌లో ఉంచి, పొడి చెంచా వాడుతున్నాను.

ఎండుమిర్చికీ బూజు పడుతుంది, తొడిమ విరిచి లోపల కూడా చూడండి. పైకి ఎర్రగా నిగనిగలాడేదే ఒక్కోసారి లోపల బూడిదరంగులో ఉంటుంది.