నాసిక్ ద్రాక్షతోటలకు నాలుగు రోజుల ప్రయాణం ఎలా ఏర్పాటు చేసుకోవాలి?

మన ఊళ్లలో ‘వైన్స్’ అన్న బోర్డు కింద ఎక్కువగా అమ్ముడయ్యేవి విస్కీ, బ్రాందీ, బీరు. అందుకే తోటలో కోసిన ద్రాక్ష పక్కనే ఉన్న కర్మాగారంలో వైన్‌గా మారడాన్ని దగ్గరుండి చూడటం చాలామంది తెలుగువారికి కొత్త అనుభవమవుతుంది. దానికోసం ఫ్రాన్సు దాకా వెళ్లనక్కరలేదు. రాజమండ్రిలో మనం చూసే గోదావరి ఎక్కడ పుట్టిందో ఆ నాసిక్ జిల్లాయే, సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున, మన దేశంలో వైన్ తయారీకి ప్రధాన కేంద్రం.

మొదట నెలను నిర్ణయించుకోవాలి, ఎందుకంటే మిగతా ప్రణాళిక అంతా దాని మీదే ఆధారపడుతుంది. ఐరోపాలో ద్రాక్షతీగ చలికాలంలో ఆకులు రాల్చి నిద్రావస్థలోకి వెళుతుంది. నాసిక్‌లో అంతటి చలి ఉండదు కనుక రైతులే వేసవిలో ఒకసారి, వానలు తగ్గుముఖం పట్టే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మరొకసారి తీగలను కత్తిరించి, రెండో కత్తిరింపు తరువాత వచ్చే కాపును జనవరి నుంచి మార్చి వరకు కోస్తారు. గుత్తులను, కోతను, రసం తీయడాన్ని ఒకే ప్రయాణంలో చూడాలనుకునేవారికి ఫిబ్రవరి అనుకూలం. వానాకాలంలో కొండలు కంటికి ఇంపుగా ఉంటాయి గానీ తీగలపై పండిన గుత్తులు కనిపించవు. జనవరి 26 వంటి మద్య నిషేధ దినాలు మధ్యలో పడకుండా చూసుకోవాలి. బృహస్పతి సింహరాశిలోకి వచ్చినప్పుడే మనకు గోదావరి పుష్కరాలు, నాసిక్‌కు సింహస్థ కుంభమేళా వస్తాయి. 2027లో ఆ రెండూ ఉన్నందున ఆ రోజుల్లో గది దొరకడం కష్టం.

రెండో పని రైలు టికెట్టు. సికింద్రాబాదు నుంచి నిజామాబాదు, నాందేడ్, ఔరంగాబాదు (ఇప్పటి ఛత్రపతి సంభాజీనగర్) మీదుగా ముంబై వెళ్లే దేవగిరి ఎక్స్‌ప్రెస్ నాసిక్ రోడ్ స్టేషన్‌లో ఆగుతుంది. స్టేషన్ నుంచి నగరం సుమారు 10 కిలోమీటర్లు. ముంబై, పుణె వాసులు శని, ఆదివారాల్లో తోటలకు పోటెత్తుతారు కాబట్టి సోమవారం దిగి గురువారం తిరుగు ప్రయాణమయ్యేలా చూసుకుంటే తోటలు ప్రశాంతంగా ఉంటాయి, తయారీ గురించి అడిగినవారికి తీరికగా వివరించే మనిషీ దొరుకుతాడు.

వైనరీలను, అంటే వైన్ తయారుచేసే కర్మాగారాలను, పేరు చూసి కాకుండా దిక్కును బట్టి ఎంచుకోవాలి. సులా, యార్క్, సోమా మూడూ నగరానికి పడమట గంగాపూర్ జలాశయం వైపు ఉన్నాయి. శాండన్ ఉత్తరాన దిండోరి దగ్గర, గ్రోవర్ జంపా, వలోనే నైరుతిన ఇగత్‌పురి వైపు ఉన్నాయి. ఈ మూడు దిక్కులనూ ఒక్క రోజులో చుట్టాలనుకుంటే రోజంతా కారులోనే గడుస్తుంది. నా అభిప్రాయంలో రోజుకు రెండు వైనరీలు చాలు. ఒకచోట తయారీని తిరిగి చూడాలి, రెండోచోట తీరికగా రుచి చూడాలి. ముందుగా ఫోన్ చేసి సమయం ఖాయం చేసుకోవడం, డ్రైవరుతో సహా కారు మాట్లాడుకోవడం తప్పనిసరి. మన చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉంటే వాహనం నడపడం నేరం.

రుచి చూసేటప్పుడు షెనిన్ బ్లాంక్, సావిన్యో బ్లాంక్ వంటి తెల్ల వైన్లతో మొదలుపెట్టి, షిరాజ్ వంటి ఎర్ర వైన్లకు వెళ్లి, తీపివాటిని చివరకు ఉంచుకోవాలి. తీపి ముందు తగిలిన నాలుకకు ఆ తరువాతిది పుల్లగా అనిపిస్తుంది. రసాన్ని తొక్కల నుంచి వెంటనే వేరుచేస్తే తెల్ల వైన్, తొక్కలతో కలిపి పులియబెడితే ఎర్ర వైన్ తయారవుతాయి. ఎర్ర వైన్‌కు రంగూ వగరూ తొక్కల నుంచే వస్తాయి. తోటలో అనుమతి తీసుకుని ఒక పండు కొరికి చూస్తే బజారు ద్రాక్షకన్నా చిన్నదిగా, గింజలతో, మందమైన తొక్కతో ఉండటం గమనిస్తారు. రుచి చూసినదంతా మింగాలన్న నియమం లేదు. ఉమ్మేయడానికి పాత్ర అడగడాన్ని అక్కడ ఎవరూ తప్పుగా అనుకోరు. ఖాళీ కడుపుతో మాత్రం వెళ్లవద్దు. ఉదయం నాసిక్ మిసళ్ పావ్ తిని బయలుదేరితే మధ్యాహ్నం దాకా ఆకలి వేయదు, కాకపోతే దాని కారం గుంటూరు నాలుకను కూడా పరీక్షిస్తుంది.

త్ర్యంబకేశ్వరానికి ఒక రోజును విడిగా కేటాయించాలి. జ్యోతిర్లింగ దర్శనాన్ని, వైనరీని ఒకే పూటలో ఇరికిస్తే రెండింటికీ న్యాయం జరగదు. నగరం నుంచి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ చిన్న ఊరికి తెల్లవారకముందే బయలుదేరితే దర్శనం తరువాత గోదావరి జన్మస్థానమైన బ్రహ్మగిరి మెట్లు ఎక్కడానికి ఎండ ముదరదు. సాయంత్రం పంచవటి, రామకుండం, కాలారామ మందిరం చూడవచ్చు. ఈ మందిర ప్రవేశం కోసమే 1930లో అంబేడ్కర్ నాయకత్వంలో సత్యాగ్రహం మొదలైంది.

చివరి రోజు తూర్పు దారి పట్టాలి. నిఫాడ్ దాటి కాస్త పక్కకు వెళితే లాసల్‌గావ్ వస్తుంది, అక్కడి మార్కెట్‌లో పలికే ధర మన వంటింటి ఉల్లిపాయ దాకా ప్రభావం చూపుతుంది. అక్కడి నుంచి యేవలా చేరి పైఠణీ చీరలు నేసే మగ్గాలను చూసి, షిర్డీకి వెళ్లవచ్చు. సాయినగర్ షిర్డీ నుంచి సికింద్రాబాదు మీదుగా కాకినాడ వెళ్లే రైలు వారంలో కొన్ని రోజులే ఉంటుంది కాబట్టి ఆ తేదీని ముందే చూసుకుని మిగతా రోజులను వెనక్కి లెక్కవేసుకోవడం మేలు.

సీసాలు కొనేముందు మీ రాష్ట్ర ఎక్సైజు నిబంధనలను, రైల్వే నిబంధనలను కనుక్కోండి. పొరుగు రాష్ట్రపు మద్యాన్ని అనుమతి లేకుండా తెస్తే ఇబ్బంది తప్పకపోవచ్చు. ఎండుద్రాక్షకు ఆ చిక్కులేవీ లేవు.