విల్లుతో జింక వేట: పీక ఎప్పుడు ఊదాలి, ఎప్పుడు ఊరుకోవాలి

మా అక్క కొడుకు విస్కాన్సిన్‌లో ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. మొన్న రాత్రి వాట్సాప్‌లో ఫోన్ చేసి, "మామా, విల్లు కొన్నా. లైసెన్సు కూడా తీసుకున్నా. జింకల్ని పిలిచే పీకలు అమ్ముతున్నారు, కొనేదా వద్దా?" అన్నాడు. నేను తిరుపతికి తిరిగొచ్చే ముందు అక్కడే తొమ్మిది సీజన్లు చెట్టెక్కి కూర్చున్నవాణ్ని. "కొనుక్కో అబ్బోడా. కానీ మొదటి వారం దాన్ని జేబులోంచి తీయొద్దు" అన్నా. ఎందుకని అడిగాడు. ఫోన్లో తెగలేదు, అందుకే రాస్తున్నా.

ముందుగా ఒక మాట. ఇదంతా అమెరికా సంగతి. ఇక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకను వేటాడటం నేరం. బాణం వెయ్యనక్కర్లేదు, ఉచ్చు పన్నినా వేట కిందికే వస్తుంది. ఇది చదివి ఎవరూ తలకోన వైపు బయల్దేరొద్దు. అమెరికాలో కూడా రూల్స్ తక్కువేం కాదు. విస్కాన్సిన్‌లో 1973 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు వేట శిక్షణ కోర్సు పూర్తి చేస్తేనే లైసెన్సు ఇస్తారు. విల్లు సీజన్ సెప్టెంబరు మధ్యలో మొదలై జనవరి దాకా సాగుతుంది. హెచ్1బి మీద ఉన్నవాళ్లకు తుపాకీ దగ్గర పెట్టుకోవాలంటే ఫెడరల్ చట్టంతో తలనొప్పి. విల్లు ఆ చట్టం లెక్కలో తుపాకీ కాదు. మనవాళ్లు కొందరు విల్లు వైపు రావడానికి అదీ ఒక కారణం, నాతో సహా.

ఇక కూతల సంగతి. మా ఊరు చంద్రగిరి పక్కన. చిన్నప్పుడు ఇంట్లో మేకలుండేవి. ఎదకొచ్చిన మేక వెంట పోతు ఎలా తిరుగుతుందో చూసినవాళ్లకు సగం పాఠం వచ్చినట్టే. మెడ చాచి, పైపెదవి ఎత్తి, అడుగుకో చప్పుడు చేస్తూ పెంటిని వదలకుండా తిరుగుతుంది. తెల్లతోక జింక పోతుది కూడా అదే వరస, గొంతు మాత్రం పందిది. పొట్టిగా, లోగొంతుకలో "గుర్, గుర్" అంటుంది. ఆ గురకను ఊదేదే మనవాడు అడిగిన పీక. మొదటిసారి సెలవుల్లో వచ్చినప్పుడు ఇంట్లో ఊది చూపించా. వంటింట్లోంచి అమ్మ, "ఏం నాయనా, కడుపులో బాగాలేదా? వాము నీళ్లు కాచేదా?" అంది. సరిగ్గానే ఊదానని అప్పుడే నమ్మకం కుదిరింది.

పీక కాకుండా చేతిలో పట్టే చిన్న డబ్బా ఒకటి దొరుకుతుంది. తలకిందులు చేస్తే పెంటి అరుపులా "మ్యే" అంటుంది. ఊదే పని లేదు కాబట్టి కొత్తవాళ్లకు ఇదే సులువు. ఇంకోటి, రెండు కొమ్ములు ఒకదానికొకటి తగిలించి పోతులు కుమ్ములాడుకుంటున్నట్టు చప్పుడు చెయ్యడం. ముక్కుతో చీది బుస కొట్టే కూత కూడా ఉంది గానీ, అది కయ్యానికి పిలుపు. పెద్ద పోతు అయితే మీదికొస్తుంది, కుర్రది అయితే పారిపోతుంది. మొదటేడు దాని జోలికి పోవద్దు.

పని చేస్తాయా అంటే, చేస్తాయి, కానీ కాలం కలిసిరావాలి. సెప్టెంబరులో పోతులు తిండి గోలలో ఉంటాయి. అప్పుడు ఊదితే తల ఎత్తి చూసి మళ్లీ ఓక్ కాయలు ఏరుకుంటాయి. అక్టోబరు చివరి వారం నుంచి నవంబరు పదో తేదీ దాకా ఎదకొచ్చిన పెంటి కోసం వెతుక్కుంటూ తిరుగుతుంటాయి. పీకకు బలం అప్పుడే. ఆ తర్వాత పోతుకు పెంటి దొరికేస్తుంది. ఎదలో ఉన్న పెంటిని వదిలి మీ పీక దగ్గరికి ఎందుకొస్తుంది?

నా మొదటి నవంబరులో ఇవన్నీ తెలుసు, అయినా చెడగొట్టుకున్నా. అరవై గజాల దూరంలో ఎనిమిది కొనల కొమ్ముల పోతు కనబడింది. గుండె దడదడలాడుతుంటే పీక ఊదేశా. అది అప్పటికే నా వైపు ముఖం పెట్టి ఉంది. రానైతే వచ్చింది, ముప్పై అయిదు గజాల దాకా. అక్కడ ఆగి నేనున్న చెట్టునే చూస్తోంది. గురక ఇక్కణ్నుంచే వచ్చింది, మరి జింకేదీ అన్నట్టు. నేను విల్లు లాగాలి, కానీ చెయ్యి కదిలితే చూస్తుంది. మూడు నిమిషాలు అలాగే ఉన్నా, మోచేతులు వణకడం మొదలైంది. చివరికి అది చుట్టూ తిరిగి గాలి వాలుకు, అంటే నా మీంచి గాలి వీచే వైపుకు పోయి, ఒక్కసారి బుస కొట్టి, తోక లేపి మాయమైంది.

దీని గుట్టు నాకు అలిపిరి మెట్ల దారిలో, జింకల పార్కు కంచె దగ్గర బోధపడింది. ఒక పిల్లాడు ఈల వేశాడు. దుప్పి తల ఎత్తింది, రెండు చెవులూ దొప్పల్లా వాడి మీదికి తిరిగాయి. ఈల ఎక్కణ్నుంచి వచ్చిందో కచ్చితంగా పట్టేసింది. కదలకుండా చూసింది. వాడు చెయ్యి ఎత్తాడో లేదో పక్కకు గెంతింది. తుపాకీ పట్టినవాడికి వంద గజాల దూరంలో జింక ఆగి చూస్తే చాలు. విల్లు పట్టినవాడికి అది ఇరవై గజాల్లోకి రావాలి, పైగా ఆ సమయానికి ఇటు చూడకూడదు. పీక దాన్ని దగ్గరికీ తెస్తుంది, మన వైపే చూసేలానూ చేస్తుంది.

కాబట్టి ఇలా చెయ్యండి. జింక మీకు వీపు చూపించి పోతున్నప్పుడు, లేదా అడ్డంగా పోతున్నప్పుడే ఊదండి. మొదట మెల్లగా ఒక్క గురక. చెవి కూడా తిప్పలేదంటే వినబడలేదని అర్థం, ఇంకాస్త గట్టిగా ఊదండి. ఆగి తల తిప్పిందంటే పీక వదిలెయ్యండి. ఇటు వస్తుంటే ఇక ఒక్క చప్పుడూ వద్దు. మనసు ఊరుకోదు, ఇంకోసారి ఊదాలనిపిస్తుంది. ఊదొద్దు. అది ఏ పెద్ద చెట్టు వెనక్కో పోయి దాని కన్ను మీకు కనబడనప్పుడు విల్లు లాగండి. మరుసటేడు నాకు ఇరవై రెండు గజాల్లో జింక దొరికింది ఇలాగే.

ఏమీ కనబడనప్పుడు అరగంటకోసారి ఊదొచ్చు, కానీ నేను పెద్దగా ఊదను. రోజూ ఒకే చెట్టు మీంచి ఊదితే ఆ చుట్టుపక్కల జింకలకు అది అలవాటైపోతుంది.

చోటు మీద ఎంత శ్రద్ధ పెట్టినా తప్పు లేదు. పిలుపు విన్న పోతు నేరుగా రాదు, గాలి వాలుకు చుట్టి వచ్చి వాసన చూస్తుంది. టెక్సాస్‌లో కొమ్ముల చప్పుడు మీద చేసిన పరిశోధనలోనూ ఇదే తేలింది, వచ్చిన పోతుల్లో ఎక్కువ గాలి వాలు నుంచే వచ్చాయి. అందుకని మంచె కట్టేటప్పుడే మీ గాలి వాలున ఏటి గట్టో, నిటారు పల్లమో, జింక దిగలేని చోటేదో ఉండేలా చూసుకోండి. మీ ముందు కొంచెం పొదలుండాలి. అంతా మైదానమైతే అది దూరం నుంచే చూసి, జింక లేదని తేల్చుకుంటుంది. మన శనక్కాయ చేలల్లో పందుల కాపలాకు కట్టే మంచె లాంటిదే ఇదీ, కాకపోతే నడుముకు బెల్టు కాదు, ఒళ్లంతా పట్టే తాళ్ల పట్టీ (హార్నెస్) కట్టుకోకుండా ఎక్కొద్దు.

నడుస్తున్న జింకను ఆపడానికి పీక అక్కర్లేదు, నోటితో "మ్యా" అంటే చాలు. అయితే విల్లు పూర్తిగా లాగి ఉండాలి. ఇందులోనూ ఒక చిక్కుంది. బాణం సెకనుకు 280 అడుగులు పోతుంది, శబ్దం 1,100 అడుగులు. అంటే వింటినారి చప్పుడు ముందు చేరుతుంది. చప్పుడుకు బెదిరి ఉన్న జింక ముప్పై గజాల్లో ఉంటే, సెకనులో పావు వంతులో కాళ్లు ముడిచి కిందికి కుంగుతుంది, బాణం వీపు మీదుగా పోతుంది. అందుకే పిలిచి ఆపిన జింక మీద ఇరవై గజాలు దాటితే నేను వదలను.

బ్యాటరీతో కూత వినిపించే యంత్రాలు కూడా అమ్ముతారు. చాలా రాష్ట్రాల్లో జింకలకు అవి నిషేధం. కొనే ముందు మీ రాష్ట్రం రూల్స్ పుస్తకం చూసుకోండి.

చివరగా, మనవాడు అడగకపోయినా చెప్పాల్సింది. నవంబరు చలిలో ఊదిన ఊపిరి తడి పీకలోని రేకు మీద గడ్డకడుతుంది. అప్పుడది గురక పెట్టదు, కీచుమంటుంది. ఊదిన ప్రతిసారీ విదిలించి, చొక్కా లోపలి జేబులో పెట్టుకోవాలి. మెడకు వేలాడదీస్తే వింటినారికి తగులుకుంటుంది. నాకు తగులుకుంది కూడా.