వాక్యం వినడానికి నా పద్ధతి

ఆదివారం చర్చిలో పాస్టర్ గారు చెప్పబోయే బైబిల్ భాగం శనివారం రాత్రే ఒకసారి పైకి చదవండి. మార్కు సువార్త 4వ అధ్యాయమే తీసుకుందాం. అందులో యేసు చెప్పిన విత్తువాని ఉపమానం (వాక్యమనే విత్తనాలు దారిపక్కన, రాతినేల మీద, ముళ్లపొదల్లో, మంచి నేలలో పడే కథ) చిన్నప్పటి నుంచీ తెలిసిందే, చిక్కంతా అక్కడే. "ఇది నాకు తెలుసు" అనిపించిన చోట పెన్సిల్‌తో గీత పెట్టి ఆగండి. 10వ వచనంలో శిష్యులే అర్థం కాక అడిగారు. మీరూ ఒక ప్రశ్న రాసుకోండి. 19వ వచనంలో ముళ్లపొదల అర్థం ఉంది: ఐహిక విచారాలు, ధనమోసం, ఇతర ఆశలు. నేనైతే విచారాల పక్కన మా ఇంటి ఈఎంఐ, అబ్బాయి ఇంటర్ మార్కులు రాసుకుంటాను. పక్కింటాయన పేరు మాత్రం రాయకండి! చర్చిలో అచ్చు బైబిలే మేలు, ఫోన్లో అయితే వాట్సాప్ పిలుస్తుంది. ఇంటికొచ్చాక బెరయ అనే ఊరివాళ్లలా (అపొస్తలుల కార్యములు 17:11) విన్నది లేఖనాలతో సరిచూసుకోండి. పాస్టర్ గారేమనుకుంటారో అని మొహమాటం వద్దు, బెరయవాళ్లు సరిచూసింది అపొస్తలుడైన పౌలు మాటల్ని.